ఖాళీ గడుల వాచకం

పెద్దసారు మా బడికి వచ్చిన రోజు ఒకటో తరగతి పిల్లలందరు ‘అ’ అక్షరాన్ని ‘యా’ అని చదివిన్రు. ఒక్కరు గాదు, ఇద్దరు గాదు, పదమూడు మందికి పదమూడు మంది. అదీ భయపడుకుంట గాదు. రేకుల కప్పు అదిరేటట్టు, ఛాతీ విరుచుకోని.

మాది మానుకోట దగ్గర ఒక తండా బడి. కాగితాల మీద మహబూబాబాద్ అని రాస్తం గాని, నోటికి మానుకోటనే వస్తది. బడిల ఇద్దరమే టీచర్లం. పెద్ద తరగతులు మా హెడ్‌మాస్టరు చూసుకుంటడు, ఒకటీ రెండూ నావి. నాది జనగామ జిల్లా, లింగాల ఘనపూర్ దిక్కు. మా నాయిన ఒకప్పుడు ఊరికి సర్పంచి. పొలం ఉంది, ట్రాక్టరు ఉంది, ఊళ్లె నలుగురిల మాట చెల్లుతది. నాకు తండాల పోస్టింగు వచ్చిందని తెలిసిన నాడు, “ఒక్క ఏడాది ఓపిక పట్టు బిడ్డా, జనగామకు బదిలీ అయితది” అన్నడు. అప్పటికి నాలుగేండ్లయింది. ఓపిక సంగతి తెల్వదు గాని, తండా మాత్రం నాకు అలవాటైంది.

తండా పిల్లల ఇంటి భాష వేరు. తల్లిని యాడి అంటరు, నీళ్లను పాణి అంటరు. ఆ నాలుగేండ్లల్ల నేను నేర్చుకున్నది గా రెండు మాటలు, ఇంకో నాలుగైదు. పిల్లలే తెలుగు నేర్చుకోవాలె, నేను నేర్పాలె అనుకునేదాన్ని. అట్ల అనుకుంటున్న అని గూడ నాకు తెల్వకపోయేది.

ఆ యేడు బడి తెరిచిన నెలకు నన్ను పదిహేను రోజుల ట్రైనింగుకు పిలిచిన్రు. చిన్న పిల్లలకు చదువుడు ఎట్ల నేర్పాలె అనేదాని మీదనే ఆ ట్రైనింగు. పోయేముందు రోజు ఒకటో తరగతి గోడకు కొత్త బొమ్మల చార్టు తగిలిచ్చిన. బడిల వంట చేసే తండా అక్కను పిలిచి, నా మాటలు పిల్లలకు వాళ్ల భాషల చెప్పుమన్న.

“బొమ్మ చూడుండ్రి. దాని పేరు అనుండ్రి. ఆ పేరుల మొదలు ఏ శబ్దం వస్తదో గదే దాని కింది అక్షరం. గంతే.”

పిల్లలల్ల ఒక చిచ్చర పిల్ల ఉండేది. రెండు జడలల్ల ఒకటి ఎప్పుడు ఊడిపోయే ఉంటది. మంది మీద పెత్తనమంటే మహా ఇష్టం. ఆమె చేతుల సన్నని కట్టె పెట్టి, “నేను వచ్చేదాక నువ్వే టీచర్‌వి” అన్న. ఆ పిల్ల మొఖం ఎంత వెలిగిపోయిందంటే, ఆ రోజే నాకు అనుమానం రావాల్సి ఉండె.

ట్రైనింగు అయిపోయి నేను బడికి వచ్చిన రోజే, ఇంకా సంచి కిందపెట్టకముందే, పెద్దసారు వచ్చిండు. ఆయన ఇల్లు భూపాలపల్లి పక్కన చెల్పూర్‌ల, కరెంటు ప్లాంటు దగ్గర. బతుకంత చిన్నపిల్లలకే చదువు చెప్పిన మనిషి, ఇప్పటికీ అక్కడి బడిల చెప్తనే ఉన్నడు. జనగామ, మానుకోట, భూపాలపల్లి టీచర్లను కొంతమందిని జమచేసి, ఒకటి రెండు తరగతులకు కొత్త పాఠాలు రాపిచ్చే పని ఆయనకు అప్పజెప్పిన్రు. రాసేముందు బడులు చూడాలని తిరుగుతున్నడు. తెల్ల అంగీ, చేతుల డైరీ, అందరితోని మెల్లగ మాట్లాడుడు. మెల్లగ మాట్లాడేటోళ్లంటే నాకు ఇంకా భయం.

చార్టు దగ్గరికి పోయి, తల్లి బొమ్మ కింద ఉన్న ‘అ’ మీద వేలు పెట్టిండు.

“గిదేంది బిడ్డా?”

“యా!” అన్నది చిచ్చర పిల్ల.

సారు కండ్లద్దాలు తీసి తుడుచుకున్నడు. ‘ఆ’ మీద పెట్టిండు. దాని మీద ఆవు బొమ్మ ఉంది.

“గా!” అన్నరు అందరు కలిసి.

‘ఇ’ మీద ఇల్లు బొమ్మ.

“ఘ!”

సారు నా దిక్కు చూసిండు. నేను చార్టు దిక్కు చూసిన. ఆయన డైరీల ఏందో రాసుకున్నడు. ఇంకో ఐదారు అక్షరాలు అడిగిండు. ఒక్కటంటే ఒక్కటి సరిగ్గ చెప్పలే. అయితే విచిత్రం ఏందంటే, పదమూడు మంది ఒక్కటే తప్పు చెప్తున్నరు. ఒక్కొక్కళ్లను వేరే నిలబెట్టి అడిగినా గదే. ఒకరిది చూసి ఒకరు చెప్పుడు గాదు, నేర్చుకోని చెప్తున్నరు.

“ఎవరు నేర్పిన్రు మీకు?” అని అడిగిండు సారు.

పిల్లలందరు చిచ్చర పిల్లను చూపిచ్చిన్రు. ఆమె కట్టె పట్టుకోని, పద్మశ్రీ ఇస్తరేమో అన్నట్టు నిలబడ్డది.

సారు డైరీ మూసిండు. చాయ్ తాగి, “వస్త అమ్మా” అని పోయిండు. నేను పరేషాన్ అయి పోయి వంటగదిల పీట మీద కూలబడ్డ.

“అక్కా, నా ఉద్యోగం గింతే ఇగ. పిల్లలు ‘అ’ను ‘యా’ అంటున్నరు.”

అక్క గరిటె పట్టుకోని ఒక్క నిమిషం నన్ను చూసింది. తర్వాత నవ్వుడు మొదలుపెట్టింది. ఎట్ల నవ్వింది అంటే, పప్పుచారు పొంగి పొయ్యిల పడుతున్నా చూసుకోలే.

“టీచరమ్మా, బొమ్మ పేరు అనుండ్రి, మొదటి శబ్దం పట్టుకోండ్రి అన్నది మీరే గద?”

“అవును.”

“తల్లి బొమ్మ చూస్తే మా పోరలు ఏమంటరు?”

“యాడి,” అన్న. అని, నోరు తెరుసుకోని అట్లనే ఉన్న.

“ఆవు గావ్డి,” అన్నది అక్క. గా. ఇల్లు ఘర్. ఘ. నేను లేచి చార్టు దగ్గరికి ఉరికిన. పిల్లలు అన్నం పళ్లాలు పట్టుకోని నా ఎనుక ఉరికిన్రు. ఒక్కొక్క బొమ్మ చూపిచ్చుకుంట పోయిన, వాళ్లు చెప్పుకుంట పోయిన్రు. ఒక్క తప్పు లేదు. నేను పెట్టిన సూత్రాన్ని పదమూడు మంది ఆరేండ్ల పిల్లలు, నేను లేకుంట, పదిహేను రోజులల్ల, వెంట్రుకంత తేడా లేకుంట అమలుచేసిన్రు. నేను నవ్వుడు షురూ చేసిన. పిల్లలకు ఎందుకో తెల్వదు, అయినా నవ్విన్రు. హెడ్‌మాస్టరు పక్క గదిలకెళ్లి తొంగిచూసి, ట్రైనింగుల ఏమైందో ఏమో అన్నట్టు తల ఊపుకుంట పోయిండు.

ఆ రోజు సాయంత్రం మానుకోటల నా కిరాయి గదికి పోయినంక మాత్రం నవ్వు ఆగి, ఇంకొకటి యాదికొచ్చింది. నేను టీచర్ చదువు చదివేటప్పుడు మా లెక్చరర్ ఒకాయన నేను ‘గిట్ల’ అంటే చాలు, అదే మాటను సాగదీసి అని క్లాసంత నవ్విపిచ్చేటోడు. ఆ రెండేండ్లు నేను ఆయన క్లాసుల నోరు తెరవలే. వచ్చిన జవాబు గూడ చెప్పలే. తండా పిల్లలు నా క్లాసుల నాలుగేండ్ల సంది ఎందుకు గప్‌చుప్‌గ కూసుంటున్నరో, బుద్ధిమంతులని నేను ఎందుకు మురిసిపోతున్ననో అప్పుడు తెలిసింది. ఈ ‘యా’ అనే పదమూడు గొంతులే మా బడిల మొదటిసారి గట్టిగ ఇనబడ్డ గొంతులు.

తెల్లారి సారుకు ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పిన. అవతలి దిక్కుకెళ్లి ముందు ఒక దగ్గు, ఆ దగ్గులకెళ్లి సన్నగ ఒక నవ్వు, ఆ నవ్వు పెద్దగై పెద్దగై, ఎవరో పక్కకెళ్లి “ఏమైందండీ?” అని అడుగుడు గూడ ఇనబడ్డది.

“వచ్చే వారం భూపాలపల్లిల పాఠాలు రాసే మీటింగు ఉందమ్మా. నువ్వు రావాలె. ఒక్కదానివి గాదు, ఆ వంటక్కను గూడ తోలుకరా.”

అక్క ముందు ఒప్పుకోలే. “నాకు సంతకం తప్ప ఏమొస్తది?” అన్నది. నేను బతిమాలితే, నాలుగు రోజులు బడిల వంటకు తన తోడికోడలును ఒప్పిచ్చి, కొత్త చీర కట్టుకోని బయలెల్లింది. మా నాయినకు ఫోన్ల చెప్తే ఆయనకు నచ్చలే.

“టీచర్ల మీటింగుకు వంటామెను తీసుకపోతవా? ఆమె ఏం చెప్తది వాళ్లకు?”

“నాకు చెప్పింది నాయినా. వాళ్లకు చెప్పదా?”

ఆయన, “సరే, బస్సుల కిటికీ పక్క సీటు ఆమెకియ్యి, దూరం ప్రయాణం” అన్నడు. మా నాయిన ఓడిపోయినప్పుడు అట్లనే ఏదన్న చిన్న పని చెప్తడు.

హనుమకొండల బస్సు మారి, పరకాల దాటి, భూపాలపల్లి చేరెసరికి మీటింగు మొదలైంది. పన్నెండు మంది టీచర్లు, గోడ పొడుగున పెద్ద కాగితం, దాని నిండ గీతలు. ఏ వారం ఏ అక్షరం, దాని పక్కన ఏ సామర్థ్యం, దాని పక్కన ఏ పరీక్ష. జనగామ నుంచి వచ్చిన ఒక సారుకు ఆ పట్టిక మీద చాన ప్రేమ. గళ్లన్ని స్కేలుతోని ఆయనే గీసిండట. అక్కను చూసి, “చాయ్‌కి ఇంకా టైముందమ్మా” అన్నడు పాపం, మంచిగనే.

పెద్దసారు లేచి, “ఈమె ఇయ్యాల మన టీచర్. అందరు కింద కూసోండ్రి. మనం ఒకటో తరగతి” అన్నడు. అని ముందు తనే చాప మీద కూసున్నడు.

అక్క నన్ను చూసింది. నేను గూడ చాప మీదికి జారుకున్న. ఇగ ఆమెకు తప్పలే. కొంగు నడుముకు చెక్కుకోని, గొంతు సవరిచ్చుకోని, తన భాషల మొదలుపెట్టింది. ఒక్క తెలుగు ముక్క లేదు.

నీళ్ల సీసా లేపి అడిగింది. “పాణి!” అన్నరు అందరు. ఉర్దూ తెలిసిన పుణ్యం. మొఖాలల్ల గర్వం. రొట్టె తీసి చూపిచ్చింది. “రోటీ!” అన్నడు పెద్దసారు అందరికంటె ముందు. ఆమె తల అడ్డంగ ఊపింది. అది బాటి. సారు “భట్టీ” అన్నడు. ఆమె ఆయనను లేపి నిలబెట్టింది. అక్కడికెళ్లి మాటలు వానలెక్క కురిసినయి. ఏదో చెప్తది, ఏదో అడుగుతది, చెయ్యి చాపి ఒక్కొక్కళ్లను చూపిస్తది. ఎవరికి ఏం తెల్వదు. పది నిమిషాలకు వెనుక వరుసల ఇద్దరు గుసగుస పెట్టిన్రు. ఒకాయన చాప పుల్లలు పీకుతున్నడు. ఒకామె కిటికీలకెళ్లి బయట మేకను చూస్తున్నది. నేను పక్కామె నోట్సుల పువ్వు బొమ్మ గీస్తున్న. మేమందరం అచ్చం మా పిల్లలమే.

అప్పుడే పట్టిక గీసిన జనగామ సారుకు బయటికి పోవాల్సిన అవసరం పడ్డది. చిటికెనవేలు లేపిండు. అక్కకు అర్థమైంది, మా అందరికి అర్థమైంది. కాని ఆమె నోరు చూపిచ్చి, నోటితోని అడుగు అన్నట్టు సైగ చేసింది. ఆయనకు ఏమని అడగాల్నో ఎట్ల తెలుస్తది? తెలుగుల అడిగిండు, ఆమె చెవి దగ్గర చెయ్యిపెట్టి ఏం ఇనబడనట్టు నిలబడ్డది. ఉర్దూల అడిగిండు, ఇనబడలే. చివరికి ఆ పెద్దమనిషి ఒంటికాలు మీద ఎగురుకుంట, “టీచరమ్మా! పాణీ... పాణీ... బయటికి!” అని చేతులతోని ధార చూపిచ్చిండు. ఇగ ఆ గదిల ఒక్కరు గూడ కూసున్న కాడ కూసోలే. నవ్వి నవ్వి చాప మీద పొర్లిన్రు. అక్క గూడ కొంగు మొఖానికి అడ్డం పెట్టుకోని, తలుపు దిక్కు చెయ్యి చూపిచ్చింది. ఆయన ఉరికిన ఉరుకుడు ఇప్పటికీ నా కండ్లల్లనే ఉంది.

నవ్వులు సద్దుమణిగినంక, ఇంకా నిలబడే ఉన్న పెద్దసారు మెల్లగ అన్నడు: “మనం అరగంటకే గిట్లయినం. ఆ పిల్లలు ఏడాదంత ఎట్ల కూసుంటున్నరు?”

తిరిగొచ్చిన జనగామ సారే గోడ దగ్గరికి పోయి, తను స్కేలుతోని గీసిన పట్టికను తనే విప్పి, చుట్ట చుట్టి మూలకు పెట్టిండు.

ఆ తర్వాత మూడు రోజులు మేము రాసినంత సంబరంగ నేను మళ్ల ఏదీ రాయలే. మొదటి ఆరు వారాలు పిల్లల ఇంటి మాటలతోనే నడవాలె అనుకున్నం. పొద్దుగాల ముచ్చట, తర్వాత బొమ్మ, ఆఖరికి అక్షరం. పిల్లలు ఒక్కసారన్న లేచి ఎగరని, తిరగని పేజీ పుస్తకంల ఉండొద్దు. శుక్రవారం నాడు ఊళ్లె ఒక అవ్వ వచ్చి కథ చెప్పాలె. రాసిన ప్రతి పాఠాన్ని మేమే పిల్లలమై చేసి చూసినం. అక్క ఆవలిస్తే ఆ పాఠం తీసెయ్యాలె అని కట్టుబాటు. పరిశుభ్రత మీద నేను ఎంతో కష్టపడి రాసిన పాఠానికి ఆమె ఆవలిచ్చుడు గాదు, గోడకు ఆనుకోని గురకపెట్టింది. అది పోయింది. దాని జాగల, బురద పాదాలతోని కాగితం మీద నడిచి, తర్వాత కడుక్కోని నడిచే ఆట వచ్చింది.

అసలు గొడవ బొమ్మల దగ్గర వచ్చింది. య కింద యాడి పెడదాం అన్న నేను. అది మా తండాకు మంచిగుంటది, మా జనగామ పిల్లలకు ఎట్ల అన్నడు జనగామ సారు. మా చెల్పూర్ బడిల ప్లాంటుల పనికి ఎక్కడెక్కడికెళ్లో వచ్చినోళ్ల పిల్లలున్నరు, ఒక్క తరగతిల నాలుగు భాషలు అన్నడు పెద్దసారు. ఎవరి బొమ్మ పెట్టినా ఇంకొకరు మూగోళ్లయితరు. రెండు పూటలు కొట్లాడుకున్నం.

“బొమ్మ పెట్టకుండ్రి,” అన్నది అక్క, చాయ్ గ్లాసు కిందపెట్టి. “అక్షరం రాసి, కింద ఖాళీగ ఇడిసిపెట్టుండ్రి. వాళ్లే గీస్తరు.”

“ఖాళీ పుస్తకం ఇచ్చిన్రని తల్లిదండ్రులు లొల్లి చేస్తరమ్మా,” అన్నడు జనగామ సారు.

“మా పోరల చేతికి పెన్సిల్ ఇచ్చి చూడుండ్రి సార్. గోడలే ఖాళీగ ఉంచరు.”

అట్ల పుట్టింది ఖాళీ గడుల వాచకం. పేజీకి ఒక అక్షరం, దాని చుట్టు నాలుగు ఖాళీ గడులు. నాలుగో రోజు సాయంత్రం జిరాక్సు కాగితాలకు దారం కుట్టి, ఎవరి బడికి వాళ్లం పట్టుకపోయినం. పెద్దసారు మొదటి వారమే ఫోన్ చేసిండు. ‘ప’ కింద వాళ్ల పిల్లల్ల సగం మంది ప్లాంటు చిమ్నీ గీసి, పొగ అన్నరట. ఒక పిల్ల తన ఊరి భాషల పిట్ట పేరేదో చెప్పిందట, అది ఎవరికి తెల్వదట. “మొత్తం తరగతి ఆమె చుట్టు చేరింది అమ్మా, ఆ పిట్ట ఎట్లుంటది చెప్పు చెప్పు అని. నెల సంది ఆమె గొంతు నేను ఇనలే” అన్నడు.

మా తండాల మొదలు అంత సాఫీగ నడవలే. ‘క’ కింద చిచ్చర పిల్ల కుకడి అని కోడిని గీసింది. ఆమె గీసింది గనుక పదమూడు మంది కోడినే గీసిన్రు. నాలుగు గడులల్ల నాలుగు కోళ్లు, కొన్నిటికి ఐదు కాళ్లు. నేను తల పట్టుకోని, “అందరూ కోడినే గీస్తే ఎట్ల?” అన్న.

చిచ్చర పిల్ల పెన్సిల్ ఆపింది.

“టీచర్, మీరు ఏమన్నరు?”

“కోడి అన్న.”

“కో...డి,” అన్నది. కుకడి, కోడి, కుకడి, కోడి అని నాలుగుసార్లు నోట్ల తిప్పుకున్నది. కండ్లు ఇంత ఇంత అయినయి. “టీచర్! మీది గూడ క నే!”

ఆ మధ్యాహ్నం ఇగ పాఠం జరగలే. ఏది మీది, ఏది మాది, ఏది ఇద్దరిదీ అని బడంత వెతుకుడే. దొరికినప్పుడల్ల ఒక కేక. దొరకనిది ఉంటే నేను వాళ్ల మాట నేర్చుకునుడు, వాళ్లు నా మాట నేర్చుకునుడు. నేను తప్పు పలికితే నిలబెట్టేటోళ్లు. రోజుకు నాలుగైదు సార్లు నిలబడ్డ. ఆరు వారాలు అనుకున్నది తొమ్మిది వారాలు పట్టింది, అయితే ఏం. దసరా సెలవులు అయిపోయినంక పిల్లలు తెలుగు మాటలు కూడబలుక్కోని చదువుడు మొదలుపెట్టిన్రు. బియ్యం బస్తా మీద, అగ్గిపెట్టె మీద, నా చేతిసంచి మీద, ఎక్కడ అక్షరం కనబడితే అక్కడ.

నీళ్ల పాఠానికి ఆఖరున నది చూడాలె అని మేమే రాసుకున్నం. చలి తగ్గే రోజులల్ల తండావాళ్లు ఒక బస్సు మాట్లాడిన్రు. పొద్దు పొడవకముందే బయలెల్లి కాళేశ్వరం పోయినం. పిల్లలు, తల్లులు, అక్క, నేను. పెద్దసారు చెల్పూర్‌ల రోడ్డు మీద నిలబడి ఎక్కిండు. వాచకం ఆయనదే గద, పరీక్ష చూడాలె అన్నడు.

గోదావరిని చూసి పిల్లలు ఒడ్డు మెట్ల మీదనే ఆగిపోయిన్రు. తర్వాత చిన్నగ, ఎవరికి వాళ్లు, పాణి, నీళ్లు, పాణి, నీళ్లు అనుకున్నరు. పెద్దసారుకు సంతోషం ఆగలే. పాయింటు మోకాళ్లదాక మడిచి, చెప్పులు ఇడిసి, జనం తక్కువున్న దిక్కు దిగబోయిండు. అక్కడ ఒక పాత రేకు బోర్డు ఉంది.

“ఆ...గండి!” అని అరిచింది చిచ్చర పిల్ల.

సారు ఒక కాలు నీళ్లల్ల, ఒక కాలు మెట్టు మీద పెట్టుకోని ఆగిండు.

“ఇ...క్క...డ. లో...తు. ఎక్...కువ. ది...గ...రా...దు.” ఆ పిల్ల బోర్డు మీది ఒక్కొక్క అక్షరాన్ని వేలుతోని పట్టుకోని చదివి, సారు దిక్కు తిరిగి, రెండు చేతులు నడుం మీద పెట్టుకున్నది. “సార్, చదువుకోలేదా?”

స్నానాలకు వచ్చినోళ్లు గూడ పక్కున నవ్విన్రు. ఆ పిల్ల తల్లి అక్కడ్నే మెట్టు మీద కూసోని, కూతురును, బోర్డును, మళ్ల కూతురును చూసింది. పెద్దసారు నీళ్లల్లకెళ్లి కాలు తీసి, వచ్చి ఆ పిల్ల ముందు చేతులు కట్టుకోని నిలబడ్డడు. “తప్పయింది టీచర్,” అన్నడు. ఆయన నవ్వుతుండె, కండ్లు తడిగుండె.

ఆ తర్వాత ఆ పిల్లను ఆపుడు ఎవరి తరం గాలే. కొబ్బరికాయల దుకాణం, బొమ్మల దుకాణం, మిర్చి బండి, ఒక్క బోర్డు ఇడవలే. మిగతా పన్నెండు మంది ఎనుక కోరస్. బస్సు డ్రైవర్ హారన్ కొట్టీ కొట్టీ అలిసిపోయిండు. అందరం ఎక్కి కూసున్నా ఆమె కింద నిలబడే ఉంది. బస్సు ఎనుక అద్దం మీద ఏదో రాసి ఉందట, ఇంకా ఆఖరి మాట పూర్తి కాలేదట.